చెస్‌లో మధ్యలో వేరే ఎత్తులు వేసినా త్రీఫోల్డ్ (ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా) అవుతుందా?

గుంటూరు గుర్రం:
నిన్నటి గేమ్ గురించి అడుగుతున్నాను. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్ (కలిసొచ్చే టైమ్). అపోనెంట్ ఆరో క్లాసు కుర్రాడు. నా తెల్ల కింగ్ జీ2లో, రూక్ (ఏనుగు) ఏ7లో, పాన్లు (బంట్లు) ఏ6, ఎఫ్2, జీ3, హెచ్4. వాడి కింగ్ జీ7, రూక్ ఏ2, పాన్లు ఎఫ్7, జీ6, హెచ్5. నాకో పాన్ ఎక్కువ! కింగ్‌ని ఎఫ్3కి ఎక్కించాను, ఏ3లో చెక్. జీ2కి వెళ్తే రూక్ మళ్లీ ఏ2కి. ఈసారి ఎఫ్1కి దిగాను, ఏ1లో చెక్. జీ2కి వచ్చాను. వాడు రూక్ ముట్టుకోకుండా ఎత్తులు రాసుకునే షీట్ మీద ఏదో రాసి, క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ని (రిఫరీని) పిలిచాడు. త్రీఫోల్డట! నేను ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్లాను కదా, రిపీట్ ఎక్కడ? ఆర్బిటర్ షీట్లు చూసి డ్రా ఇచ్చేశారు. ఇది కరెక్టేనా?

నల్లగడి:
కరెక్టే అండీ. రూల్ చూసేది పొజిషన్‌నే. అవే పావులు అవే గళ్లలో ఉండాలి, ఆడే వంతు అదే రంగుది కావాలి, క్యాస్లింగ్ (కింగ్, రూక్ ఒకే ఎత్తులో జరగడం) లాంటి అవకాశాలు మారకూడదు. వరుసగా రానక్కర్లేదు. వాడు షీట్ మీద రాసింది రూక్ ఏ2కి అనే అయ్యుంటుంది, దాంతో మీరు చెప్పిన మొదటి పొజిషన్ మూడోసారి వస్తుంది. 1971లో బ్యూనస్ ఐరిస్‌లో గ్రాండ్‌మాస్టర్లు పెట్రోస్యాన్, ఫిషర్‌ల మూడో గేమ్ ఇలాగే డ్రా అయింది. ఫిషర్ క్వీన్ 30, 32, 34 ఎత్తుల్లో ఈ2కి వచ్చింది. మధ్యలో ఒకసారి హెచ్5కి, ఒకసారి డీ3కి పోయొచ్చింది.
కుర్రాడికి ఎవరో బాగా నేర్పారు. తొందరపడి రూక్ జరిపి క్లాక్ నొక్కేసి ఉంటే వంతు మీదైపోయేది, అప్పుడు వాడు క్లెయిమ్ చేయలేడు.

ఎండ్‌గేమ్ పిచ్చోడు:
డ్రా సంగతి సరే, రూక్‌ని పాన్ ముందు ఇరికించారేంటి సార్? పాస్డ్ పాన్‌కి (ఎదుటి పాన్లేవీ ఆపలేని పాన్‌కి) వెనకాల రూక్ ఉండాలని పాత జర్మన్ మాస్టర్ తరాష్ ఏనాడో చెప్పాడు. మీ రూక్ 'ఏ' నిలువు వరుస వదిలితే ఏ6 పాన్ పోతుంది, కింగ్ బయల్దేరితే ఎఫ్2 పోతుంది. అక్కడ గెలుపు అంత ఈజీ ఏం కాదు.

గుంటూరు గుర్రం:
పాన్ ఎక్కువ పెట్టుకుని ఆరో క్లాసు పిల్లాడితో డ్రా అంటే ఇంట్లో ఏం చెప్పమంటారు! సరే, వాడి లెక్క తప్పి ఉంటే?

నల్లగడి:
మీ టైమ్‌కి 2 నిమిషాలు కలిపేవారు. వాడు షీట్ మీద రాసిన ఎత్తే ఆడాలి, మార్చుకోవడానికి లేదు.