కారణం తేలకుండానే బోరు నీళ్లు మానమంటే అది సైన్సేనా?

కవిటి మాస్టారు:
మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో శాస్త్రీయ పద్ధతి పాఠం. పరిశీలన, ఊహ, పరీక్ష, నిర్ధారణ అని బోర్డు మీద నాలుగు డబ్బాలు గీశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "మా నాన్న కిడ్నీలు ఏటివల్ల పోయాయో ఇంకా తేల్లేదు కద మాస్టారూ. మరి బోరు నీళ్లు మానేసి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులెందుకు వేశారు?" అన్నాడు. వాళ్ల నాన్న డయాలసిస్ మీదున్నాడు. నా నాలుగో డబ్బా ఖాళీగా ఉండిపోయింది. వాడికేం చెప్పమంటారు?

సోంపేట ల్యాబ్:
జాన్ స్నో అనే ఇంగ్లిష్ డాక్టరు సంగతి చెప్పండి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చావులు ఎక్కడెక్కడ జరిగాయో ఆరాతీసి, అక్కడి పంపు నీళ్లను అనుమానించి దాని హ్యాండిల్ తీయించాడు. ఆ చావులను మ్యాపు మీద గుర్తుపెట్టింది తర్వాత. కలరా క్రిమి ఇదీ అని జర్మన్ శాస్త్రవేత్త కోక్ తేల్చింది 1884 ప్రాంతంలో. అయితే హ్యాండిల్ తీసేనాటికే చావులు తగ్గుముఖం పట్టాయి. ఆ మాట స్నోయే రాశాడు. అది కూడా చెప్పండి, దాచొద్దు.

జీడితోట:
రిచర్డ్ రడ్నర్ అనే తత్వవేత్త 1953లోనే ఈ సంగతి రాశాడు. ఎంత రుజువు దొరికితే చాలన్నది, మన అంచనా తప్పితే ఎంత నష్టమో దాన్ని బట్టి ఉంటుందని. 2018లో తిత్లీ వచ్చినప్పుడు తుపాను షెల్టరుకి పొమ్మన్నారు. గాలి పక్కకి తిరిగిపోతే ఒక రాత్రి నిద్ర పోతుంది, తిరక్కపోతే ప్రాణం పోతుంది. నూటికి నూరు పాళ్లు తేలేదాకా ఎవరాగుతారు? నీళ్లూ అంతే.

వజ్రపుకొత్తూరు:
పైపు వేశాం, పనైపోయిందనుకుంటేనే ప్రమాదం. సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో నీళ్లు తాగకుండా పని... అనుమానాలు చాలానే ఉన్నాయి. శ్రీలంకలోనూ, నికరాగువా చెరకు కోతగాళ్లలోనూ ఇలాంటి జబ్బే. మా ఇంట్లో ఇప్పటికి నాలుగుసార్లు రక్తం పట్టుకెళ్లారు. ఏం తేలిందో ఒక్కరూ వచ్చి చెప్పలేదు. మీ డబ్బాల్లో దానికి చోటెక్కడ?

కవిటి మాస్టారు:
నిజమే, ఐదో డబ్బా గీయాలి. సోమవారం పిల్లల చేత మన ఊరి మ్యాపు గీయిస్తాను, స్నోలాగే. బోర్లు నీలం చుక్కలు, జబ్బున్న ఇళ్లు ఎర్ర చుక్కలు.

వజ్రపుకొత్తూరు:
బోర్లు గీయించండి. ఇళ్లు మాత్రం వద్దు మాస్టారూ. ఎర్ర చుక్క పడిన ఇంటికి సంబంధాలు రావు.