గూఢచారి, వేగు, చారుడు: ఎర్రకోటుతో తిరిగేవాణ్ణి ఏమనాలి?

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను, కాస్త సాయం చెయ్యండి. ఇంగ్లండ్ రీజెన్సీ కాలం మీద ఒక ప్రేమకథ సీరియల్‌గా రాస్తున్నా, అంటే మూడో జార్జికి మతి చలించి కొడుకు రాజ్యం చూసిన 1811 నుంచి 1820 దాకా ఉన్న రోజులు. హీరో బ్రిటిష్ సేనాపతి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ సైన్యానికి కబుర్లు సేకరించే ఆఫీసరు. 1815 జూన్ 15 రాత్రి బ్రస్సెల్స్‌లో రిచ్మండ్ డచెస్ ఇచ్చిన బాల్, అంటే డాన్సుల విందు, ఉంది కదా, నెపోలియన్ దూసుకొస్తున్నాడన్న కబురు డాన్సుల మధ్యలో వచ్చింది, బట్టలు మార్చుకునే టైం కూడా లేక కొంతమంది ఆఫీసర్లు ఆ విందు బట్టల్లోనే మర్నాడు యుద్ధం చేశారు, అక్కడ పెట్టాను సీను. హీరోయిన్ అతనితో డాన్స్ చేస్తూనే మెల్లిగా "మీరు గూఢచారా?" అంటుంది. ఆ మాటకి అతని మొహం మాడిపోవాలి. కానీ తెలుగులో మాడట్లేదు! మనకి గూఢచారి అంటే హీరోనే, తుపాకీ, నల్ల కళ్ళద్దాలు, వెనక మ్యూజిక్. ఆనాటి ఇంగ్లీషువాళ్ళకేమో అది తిట్టు, పరువున్న మనిషి చేసే పని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నా హీరోకి మూలం కహూన్ గ్రాంట్ అనే నిజం ఆఫీసరు. ఆయన శత్రువుల వెనక ఎక్కడ తిరిగినా ఒంటి మీద ఎర్రకోటు, అంటే బ్రిటిష్ యూనిఫాం, తీసేవాడు కాదు. 1812 ఏప్రిల్‌లో పోర్చుగల్‌లో ఫ్రెంచివాళ్ళకి దొరికితే, యూనిఫాం ఉంది కాబట్టి యుద్ధఖైదీ అన్నారు, మార్షల్ మార్మాం భోజనానికి కూడా కూర్చోబెట్టాడు. ఆయనతో ఉన్న స్పెయిన్ గైడ్ లియోన్‌ని మాత్రం చంపేశారు. తేడా అంతా కోటు దగ్గరే ఉంది. ఆ తేడా మాటలో ఎలా తేవాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే జవాబుంది. గూఢచారి అంటే గూఢంగా చరించేవాడు, రహస్యంగా తిరిగేవాడు. ఎర్రకోటు వేసుకుని గుర్రం మీద బాహాటంగా తిరిగేవాడికి ఆ "గూఢ" ఎక్కడ అతుకుతుంది? ముందు మాట తీసెయ్యండి, చారుడు మిగులుతాడు. "చారైః పశ్యంతి రాజానః" అని విదురుడు ధృతరాష్ట్రుడితో అంటాడు, ఆవులు వాసనతో చూస్తాయి, బ్రాహ్మణులు వేదంతో, రాజులు చారులతో, మిగతా జనం కళ్ళతో చూస్తారని. అక్కడ చారుడు అంటే రాజు కన్ను, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీ హీరో "నేను చారుణ్ణి, గూఢచారిని కాదు" అనగలడు, ఇంగ్లీషులో అయితే ఆ మాట అంత పొందిగ్గా రాదు.

జవాబు: మాస్టారు చెప్పింది బావుంది కానీ డాన్స్ చేస్తూ ఎవరైనా చారుడు అంటారా అండీ, నాటకం పద్యంలా ఉంటుంది. అక్కా, మీకు కావాల్సింది తిట్టు కదా, మన ఊళ్ళో మాటలు చూడండి. "ఉప్పందించడం" ఉంది, "కూపీ లాగడం" ఉంది. పార్టీ రాజకీయాల్లో "కోవర్టు" అంటే మనిషి మొహం ఎలా మాడుతుందో తెలుసుగా, కానీ 1815లో అది పెట్టలేం. "మీరు మా నాన్న దగ్గర కూపీ లాగడానికే నాతో డాన్స్ చేస్తున్నారా?" అనిపించండి. నామవాచకం అక్కర్లేదు, క్రియతోనే దెబ్బ తగులుతుంది.

జవాబు: "హర్కారా" మర్చిపోకండి. కబురు మోసేవాడు, గుట్టు తెచ్చేవాడు, ఇద్దరికీ అదే మాట. వెల్లింగ్టన్ ఇంకా ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్నప్పుడు 1799లో శ్రీరంగపట్నం మీదకి నిజాం సేనతో కలిసి వెళ్ళాడు, 1803లో అస్సాయే దగ్గర హర్కారాలు చెప్పిన చోట కాకుండా మరాఠా సేన ఇంకా దగ్గర్లోనే తగిలింది. నదికి రేవు లేదని గైడ్లు అంటే, రెండు ఒడ్డుల మీదా ఎదురెదురుగా ఊళ్ళు ఉన్నాయి కాబట్టి రేవు ఉండే తీరాలని తనే ఊహించి దాటేశాడు. మీ కథలో ఆయన నోట ఒక్కసారి హర్కారా అనిపిస్తే అతికినట్టుంటుంది.

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. కూపీ వాక్యం హీరోయిన్‌కి ఇచ్చేశాను, హర్కారా డ్యూక్‌కి వెళ్ళింది. చారుడు మాత్రం డైలాగులో కాకుండా అతను లియోన్ గురించి తల్చుకునే చోట పెట్టాను, ఎందుకంటే గ్రాంట్ చారుడైతే లియోన్ ఎవరు, అతనూ అదే పని చేశాడు కదా, కోటు లేనందుకు ప్రాణం పోయింది. ఆ పేరాలో ఇద్దరికీ "వేగు" అనే రాశాను, ఇద్దరూ వేగు, అంటే గుట్టు కబురు, తెచ్చినవాళ్ళే. రాస్తుంటే ఇంకోటి తట్టింది, వేగు అంటే తెల్లవారడం కూడా, వేగుచుక్కలో ఉన్నది అదేగా. బాల్ అయ్యేసరికి బ్రస్సెల్స్ వీధుల్లో డప్పులు మోగుతున్నాయి, తెల్లారేసరికి సైన్యం కదిలింది. ఆ చాప్టర్ మొదటి వాక్యం "వేగు వచ్చింది" అని మొదలుపెట్టాను. ఏ వేగో చదివేవాళ్ళకి వెంటనే తెలియకూడదు. మీకు వాక్యం తేలిపోయినట్టు అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకా టైం ఉంది, శుక్రవారం దాకా పంపక్కర్లేదు.