బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము పోతుందా?

పలుగురాయి (సైదాపురం): మా వైపు తెల్లరాయి, అంటే పలుగురాయి, పనికి పోయేవాళ్లకు సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క పెడతారు. లోపలి దుమ్మంతా దిగిపోతుందని నమ్మకం. మా నాన్న 14 ఏళ్లు తిన్నాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నిజంగా పని చేస్తుందా?

పాతమేస్త్రి (పొదలకూరు): చేస్తుంది. 22 ఏళ్లు క్రషర్ దగ్గర పని చేయించాను. బెల్లం తిన్న కాసేపటికి గొంతు సాఫీ అయ్యి, బూడిద రంగు కఫం పడేది. నా కళ్లతో చూశాను.

టీచర్ (నెల్లూరు): అన్నా, కఫం పడటం నిజమే. కానీ బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది గాలిగొట్టంలోకి. మింగేటప్పుడు గాలిగొట్టం మీద చిన్న మూత పడుతుంది కూడా. ఆ గొట్టాల లోపల జిగురు ఉంటుంది, సన్నటి నూగు లాంటి శైలికలు ఉంటాయి. గాలికి వరిపైరు ఊగినట్టు అవి ఊగుతూ, జిగురుకు అంటుకున్న దుమ్మును గొంతు దాకా తోస్తాయి. దాన్ని ఉమ్మేస్తాం, లేదా తెలియకుండానే మింగేస్తాం. బెల్లం తినకపోయినా ఇది జరుగుతుంది. అసలు చిక్కు ఆ కింద ఉంది. గొట్టాల చివర వాయుగోణులనే బుల్లి గాలి సంచులు ఉంటాయి, చాలామందిలో ముప్పై కోట్లకు పైనే. రక్తంలోకి ప్రాణవాయువు ఎక్కేది అక్కడే. వాటిలో శైలికలు లేవు. 5 మైక్రాన్ల కన్నా సన్నటి ధూళి అక్కడిదాకా దిగుతుంది. వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి కనపడే దుమ్ము కాదు, కనపడనిదే చంపేది.

కావలి కుర్రాడు: ప్రాణాయామం చేస్తే అడుగున ఉన్న గాలంతా పోతుంది. దాంతో దుమ్మూ పోతుంది. మా తాత రోజూ చేస్తాడు, దగ్గే లేదు.

టీచర్: మీ తాతగారు రాయి కొట్టారా బాబూ? ఎంత గట్టిగా ఊదినా లీటరుకు పైగా గాలి లోపలే ఉంటుంది. నిదానంగా ఊపిరి తీస్తే ఆయాసం కాస్త తగ్గొచ్చు. అంటుకుపోయిన ధూళి మాత్రం రాదు.

పాతమేస్త్రి: సైన్స్ అంటున్నారు గదా. 1994లో లక్నో శాస్త్రవేత్తలు ఎలుకలకు బెల్లం పెట్టి చూశారు. ఊపిరితిత్తుల్లోంచి ధూళి బయటికి పోవడం పెరిగిందని రాశారు. దీనికేమంటారు?

చీమకుర్తి పాలిష్: మా గెలాక్సీ రాయి కూడా ఇంతేనా?

టీచర్: మీ నల్లరాయిలో పలుగు చాలా తక్కువ. అయినా మాస్కు వదలొద్దు.
మేస్త్రి అన్నా, ఆ పరిశోధన ఉంది. అది ఎలుకల మీద. పలుగు ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, సిలికోసిస్, మనుషులకు రాకుండా బెల్లం ఆపుతుందని దాంతో తేలలేదు. పలుగు ధూళిని మింగిన రక్షణ కణం తనే చచ్చిపోతుంది. ధూళి మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. అట్టా జరిగీ జరిగీ అక్కడ మచ్చ కట్టి ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. దాన్ని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు.

పాతమేస్త్రి: ఎలుకల్లో పోయిన దుమ్ము మనిషిలో ఎందుకు పోదు? సూటిగా చెప్పండి.

పలుగురాయి: ఇంకా ఎలుకలేనా అన్నా? మా నాన్నకు దగ్గొస్తే టీబీ అని 6 నెలలు మందులు మింగించారు. ఏం పని చేశావని ఒక్కరూ అడగలేదు. డ్రిల్లుకు నీళ్లు పెట్టమంటే ట్యాంకర్ ఖర్చన్నారు. మూతికి తువ్వాలు కట్టుకోమన్నారు. ఆ సన్నటి ధూళి తువ్వాలుకు ఆగుతుందా? బెల్లం మాత్రం ఒక్క రోజు తప్పలేదు. ట్యాంకర్ కన్నా బెల్లం చవక. నా బాధ అదీ.

గూడూరు జంక్షన్: నిదానం తమ్ముడూ.

పాతమేస్త్రి: నన్నే అంటున్నావు. నేను ఓనర్ని కాదు. నా చేతి డబ్బుతో బెల్లం కొన్న రోజులున్నాయి. నా సొంత తమ్ముడు అదే దుమ్ములో ఉన్నాడు, వాడికీ రోజూ నా చేత్తోనే పెట్టాను. అది పని చేయదంటే, ఇన్నేళ్లూ వాడికి నేను ఏమీ చేయనట్టే గదా.

పలుగురాయి: మిమ్మల్ని కాదన్నా. నీళ్లు ఇవ్వనివాళ్లను అన్నాను. మీ తమ్ముడు ఇంకా పనికి పోతున్నాడా?

పాతమేస్త్రి: పోతున్నాడు. పోయిన వానాకాలం నుంచి దగ్గుతున్నాడు.

టీచర్: ఈ వారంలోనే చూపించండి. రాతి దుమ్ములో ఎన్నేళ్లు ఉన్నాడో డాక్టరుకు మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ, కఫం పరీక్ష చేయించండి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది, రెండూ కలిసి ఉండొచ్చు. చట్టం గుర్తించిన పని జబ్బుల జాబితాలో సిలికోసిస్ 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడిలో దీన్ని గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలి. డాక్టరు రాసిన కాగితం అడిగి తీసుకోండి. ముందు ఆ దుమ్ములోకి పోవడం ఆపించండి.

పాతమేస్త్రి: పని మానమంటే ఇల్లెట్టా గడుస్తుందంటాడు. అయినా తీసుకెళ్తాను. ఎక్స్‌రేకి పరగడుపున పోవాలా?

టీచర్: అక్కర్లేదన్నా. తినే రమ్మనండి.