సంక్రాంతి కార్డులు: ప్రతి ఒక్కటీ చేత్తో వెయ్యాలా, ఒకటి వేసి ప్రింటు తీయిస్తే సరిపోతుందా?

కాకినాడ కాజా:
ఈసారి పండక్కి వాట్సాప్ ఫార్వర్డులు మానేసి, చుట్టాలకీ స్నేహితులకీ నీటిరంగులతో కార్డులు చేసి పోస్టులో పంపాలని ఉంది. జాబితా ముప్పై దాటింది. మా తమ్ముడు "ఒక్కటి బాగా వెయ్యి, స్కాన్ చేసి మిగతావి ప్రింటు తీయించు, ఎవరికీ తేడా తెలీదు" అంటున్నాడు. ఆ "తెలీదు" అన్న మాట దగ్గరే నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ఆఫ్‌సెట్ మావయ్య:
నేను మీ తమ్ముడి పక్షమేనమ్మా. విజయవాడలో అచ్చు పనిలోనే నా జీవితం గడిచింది, కాబట్టి అటు మొగ్గుతానని ముందే చెప్పేస్తున్నా. ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేస్తుంటే పదో కార్డుకొచ్చేసరికి చెయ్యి విసుగుపడుతుంది. ఆ విసుగు బొమ్మ ఎవరికి పోతుంది? జాబితాలో చివర ఉన్నవాళ్లకి. అందరికీ మీ మంచి బొమ్మే అందడం మర్యాద కాదా? పిల్లల కోసం పనిచేసే యూనిసెఫ్ సంస్థ కార్డులు 1949లో మొదలైంది చెకోస్లొవేకియాలో ఒక ఏడేళ్ల పాప బొమ్మతోనే. యుద్ధం తర్వాత అందిన సాయానికి కృతజ్ఞతగా వేసిందది. అచ్చు వేయబట్టే అంతమంది ఇళ్లకు చేరింది. అచ్చయినంత మాత్రాన ఆ పాప మనసు అందులోంచి ఎక్కడికీ పోలేదు.

తడికుంచె:
మావయ్య గారూ, ఆ కార్డు వెళ్లింది ముక్కూ మొహం తెలియనివాళ్లకి. కాజా గారు పంపేది పిన్నికి, చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్న నేస్తానికి. రెండూ ఒకటెలా అవుతాయి?

విసుగు సంగతి నిజమే. కానీ దానికి మందు ప్రింటు కాదు, బొమ్మ ఎంపిక. హరిదాసుని, గంగిరెద్దుని, వెనక తాటిచెట్లని అన్నీ ఒకే కార్డులో పెట్టి ముప్పైసార్లు వెయ్యాలంటే ఎవరికైనా విసుగే. మైనంతో ముగ్గు వేసి చూడండి. తెల్ల కొవ్వొత్తిని చివర సన్నగా చెక్కి, తెల్ల కాగితం మీద చుక్కలు పెట్టి మెలికలు తిప్పండి. గీసింది కనపడదు, కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే మెరుపు తెలుస్తుంది. ఇప్పుడు బర్న్ట్ అంబర్ అనే ముదురు మట్టిరంగులో కాస్త సాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ కలిపి పల్చగా పూయండి. మైనం ఉన్నచోట రంగు అంటదు. కళ్లాపి చల్లిన వాకిట్లో తెల్ల ముగ్గు తేలుతుంది. ఆ తేలే క్షణం కోసమైనా ఇంకోటి వెయ్యాలనిపిస్తుంది.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉండేది తీసుకోండి. అంతకన్నా పల్చనిది తడికి ఉబ్బి వంకర్లు పోతుంది. గరుకు కాగితం వద్దు, మైనం ఎత్తుల మీదే అంటి గీత తునకలైపోతుంది. 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉండే పెద్ద షీటు నాలుగు వరసలు, నాలుగు నిలువులు కోస్తే 16 కార్డులు. ముగ్గులన్నీ ముందే గీసేసి, షీటంతా ఒకేసారి పూసి, ఎండాక కొయ్యండి. ముప్పై మందికి రెండు షీట్లు చాలు. ఏ రెండు ముగ్గులూ ఒకలా రావు, రానక్కర్లేదు.

డాలస్ కోడలు:
నేను అందుకునే వైపు నుంచి చెప్తానండీ. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే ఇంటింటి నుంచీ ఫోటో కార్డులు వస్తాయి. నున్నటి కాగితం, నలుగురి నవ్వులు, కింద పేర్లు కూడా అచ్చే. ఫ్రిజ్ మీద పెడతాం, జనవరిలో తీసేస్తాం. మా మేనత్త రాజమండ్రి నుంచి పంపింది మామూలు కొట్లో కొన్న కార్డు. లోపల మాత్రం మూడు వైపులా రాసింది: పెరట్లో నిమ్మచెట్టు కాపు, మావయ్య మోకాలు, నేను వదిలేసిన చీర ఎవరికిచ్చిందో. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందుకే నాకు బొమ్మ చేత్తో వేశారా, ప్రింటా అన్నది రెండో ప్రశ్న. బొమ్మలకే ఓపికంతా ఖర్చయిపోయి లోపల "సంక్రాంతి శుభాకాంక్షలు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నాకు లోటుగా ఉంటుంది.

ఆఫ్‌సెట్ మావయ్య:
కోడలమ్మ మంచి మాట చెప్పింది. ఇంకో దారి కూడా ఉంది. లండన్‌లో 1843లో హెన్రీ కోల్ వేయించిన మొదటి క్రిస్మస్ కార్డు చూడండి. బొమ్మ గీసింది హార్స్‌లీ అనే చిత్రకారుడు. గీతలు లితో అచ్చు, అంటే రాతి పలక మీంచి తీసిన అచ్చు, రంగులు చేత్తో వేసినవి. అంటే ఈ కార్డుల పుట్టుకలోనే రెండూ కలిసి ఉన్నాయి. మీరూ గీతల వరకు అచ్చు వేయించి రంగులు మీరు వేసుకోవచ్చు. ఇంట్లో ఇంక్‌జెట్‌తో తీయకండి, ఆ డై ఇంకు తడికి కారిపోతుంది. లేజర్ టోనర్ కారదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. పల్చని పసుపు పూతని స్కానరు తెలుపుగా చూస్తుంది. అల్ట్రామెరైన్ నీలం నాలుగు రంగుల అచ్చులో ఉన్నంత నిండుగా రాదు. "తేడా తెలీదు" అన్న మాట మాత్రం నిజం కాదు. కాగితాన్ని వేలితో తడిమినా తెలిసిపోతుంది.

తడికుంచె:
కోల్ ఆ కార్డు ఎందుకు వేయించాడో కూడా చెప్పాలి కదండీ. జవాబులు రాయాల్సిన ఉత్తరాలు గుట్టపడ్డాయి, తీరిక లేదు. ఆ రంగులు వేసింది కూడా కూలికి రంగులద్దేవాళ్లు. మిగిలిన కార్డులు షిల్లింగుకి ఒకటి చొప్పున అమ్మాడు. అది తీరిక లేని మనిషి కనిపెట్టిన ఉపాయం. కాజా గారు తీరిక చేసుకుని మరీ కూర్చుంటున్నారు. అచ్చు గీతల్లో రంగు నింపడం పిల్లల రంగుల పుస్తకంలా ఉంటుంది, నీళ్లు తమ ఇష్టం వచ్చినట్టు పారే చోటుండదు. నీటిరంగు అందమంతా ఆ పారడంలోనే ఉంది. జాబితా పెద్దదైతే సగానికి తగ్గించండి, మిగతావాళ్లకి వచ్చే ఏడు. అంతేగానీ నకళ్లు వద్దు.

ఆఫ్‌సెట్ మావయ్య:
ఈ ఏడు ఎవరిని వదిలేస్తారు? అది చెప్పండి ముందు. పెళ్లి శుభలేఖ అందలేదని పదేళ్లు మాట్లాడని చుట్టాలున్న ఊళ్లు మనవి.

పోస్టు డబ్బా:
వాదనలో తలదూర్చను, అవి క్షేమంగా చేరే సంగతి చెప్తాను. మీరన్న కొలతకి కార్డు ఎనిమిది గ్రాములు ఉంటుంది, కవరుతో కలిపినా 20 గ్రాములు దాటదు. 5 రూపాయల స్టాంపు చాలు. తళుకులు, పూసలు అంటించకండి, ముద్ర కొట్టేటప్పుడు నలిగి కవరు చిరుగుతుంది. చిరునామా బాల్ పెన్నుతోనే రాయండి, జెల్ పెన్ను సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది. పిన్ కోడ్ మర్చిపోకండి. మామూలు పోస్టు కాబట్టి జనవరి మొదటి రెండు మూడు రోజుల్లోనే వేసెయ్యండి, భోగికి ముందే అందాలి.

కాకినాడ కాజా:
అందరికీ ధన్యవాదాలండీ. జాబితా తగ్గించను, మావయ్య గారి మాట ఆ ఒక్క విషయంలో నెగ్గింది. కొవ్వొత్తి ముగ్గులే వేస్తాను, ప్రింటు లేదు. రాతకి మాత్రం కోడలు గారన్నట్టు వేరే పూటలు కేటాయిస్తా. ఒక సందేహం: ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు పసుపు పెట్టాలంటే మైనం మీద రంగు ఎక్కదు కదా?

తడికుంచె:
ఎక్కదు. ఆ చోటు మైనం లేకుండా వదిలి, మట్టిరంగు పూసేటప్పుడు దాని చుట్టూ తప్పించుకుంటూ రండి. బాగా ఎండాకే పసుపు పెట్టండి, తడి మీద పెడితే మట్టిరంగు లోపలికి పాకి పువ్వు మురికైపోతుంది. మడత పెట్టే ముందు రాయని పెన్నుతో స్కేలు పట్టి గీత లాగండి, లేకపోతే మందం కాగితం మడత దగ్గర పగులుతుంది.