హైదరాబాద్ – డాలస్: దూరం ఎంత, అసలు ఎన్ని గంటలు?

ప్రశ్న: అమ్మానాన్నలకి శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్‌కి టికెట్లు చూస్తున్నాను. దూరం లెక్కగట్టే సైటు 14,400 కి.మీ., 16 గంటలు అంటోంది. దోహా మీదుగా ఉన్న టికెట్టు 22న్నర గంటలు అంటోంది. కానీ జులైలో తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి దిగుతారట. ఏది నమ్మాలి?

జవాబు: టికెట్టునే నమ్మండి. సైటు చేసేది ఒక్కటే: భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర గీత గీసి, దాన్ని గంటకి 900 కి.మీ.తో భాగిస్తుంది. ఆ గీత శంషాబాద్ నుంచి దాదాపు నిటారుగా ఉత్తరానికి వెళ్లి, హిమాలయాలు, సైబీరియా దాటి, ధ్రువానికి 500 కి.మీ. చేరువగా పోయి అటువైపు దిగుతుంది. ఆ దారిలో మీకు దొరికే విమానం లేదు. దోహా మీదుగా అయితే 2,900 + 12,700, అంటే 15,600 కి.మీ. పైచిలుకు.

గంటల లెక్క ఇలా చూడండి. వేసవిలో డాలస్ మనకంటే 10 గంటల 30 నిమిషాలు వెనక. గడియారంలో కనిపించే 12 గంటలకి అది కలిపితే 22:30. విడదీస్తే: దోహాకి 4:30, అక్కడ ఆగేది 2:00, మిగతాది 16:00. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా 11:30. చాలామంది తప్పు పడేది ఇక్కడే.

ఇంకొకరు: ఆ 2 గంటల విరామం పెద్దవాళ్లకి చాలదండీ. విమానం తలుపు బయల్దేరే టైముకి ముందే మూసేస్తారు, పైగా అమెరికా వెళ్లేవాళ్లకి గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉండొచ్చు. మూడు గంటలకి తగ్గనివ్వకండి. వీల్‌ఛైర్ బుకింగ్‌లోనే అడగండి. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది లేటై రెండోది తప్పిపోతే కొత్త టికెట్టు డబ్బులు మీవే. షుగర్, బీపీ మందులు చేతిసంచిలోనే.

న్యూయార్క్ లేదా షికాగో మీదుగా చవగ్గా వస్తోందని ఆశపడొద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, సామాను తీసుకుని కస్టమ్స్, మళ్లీ సామాను అప్పగించడం, మళ్లీ సెక్యూరిటీ. దోహా, దుబాయ్ నుంచి నేరుగా డాలస్ అయితే ఈ తంతంతా చివర్లో ఒక్కసారే.

ప్రశ్న: తిరుగు ప్రయాణం తక్కువ చూపిస్తోంది, పొరపాటా?

జవాబు: కాదు. పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తుంది. డాలస్ నుంచి దోహాకి 14న్నర గంటల్లో వచ్చేస్తుంది. లెక్కలో మాత్రం తేడాని తీసేయాలి: సోమవారం సాయంత్రం 6కి ఎక్కి బుధవారం తెల్లవారుజామున 2:30కి దిగితే గడియారంలో 32:30, అందులోంచి 10:30 పోతే 22 గంటలు. బుధవారం తెల్లవారకముందే దిగుతారు కాబట్టి, శంషాబాద్‌కి కారు మంగళవారం రాత్రే పంపండి.