లైబ్రరీ ఇంటర్‌ఫేస్‌లో పిలిచే కోడ్ బాధ్యత ఎక్కడ మొదలవ్వాలి?

ప్రశ్న:

సీ భాషలో ఒక చిన్న లైబ్రరీ రాస్తున్నాను. కాన్ఫిగరేషన్ ఫైలును చదివి, అందులోని విలువలను పేరు ఆధారంగా అందించడం దాని పని. ఇంతవరకు దానిని నా సొంత ప్రోగ్రాముల్లోనే వాడాను కాబట్టి ఏ పని ఎవరిదన్నది రాసిపెట్టవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వేరే బృందాలు కూడా వాడబోతున్నాయి గనుక, లైబ్రరీ బాధ్యత ఎక్కడ ముగుస్తుందో, దానిని పిలిచే కోడ్ బాధ్యత ఎక్కడ మొదలవుతుందో ముందే తేల్చుకోవాలనుకుంటున్నాను.

ముఖ్యంగా విలువను అందించే ఫంక్షన్ దగ్గర ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అది ప్రతిసారీ కొత్త మెమరీలో నకలు తీసి ఇవ్వవచ్చు, తన లోపలి మెమరీకే పాయింటర్ (మెమరీ చిరునామా) ఇవ్వవచ్చు, లేదా పిలిచే కోడ్ ఇచ్చిన బఫర్‌ను (ఖాళీ మెమరీ స్థలాన్ని) నింపవచ్చు. ఈ మూడు పద్ధతులూ పేరున్న లైబ్రరీల్లోనే కనిపిస్తున్నాయి. దీనికి తోడు, ప్రోగ్రాము నడుస్తుండగానే ఫైలును మళ్లీ చదివే రీలోడ్ ఫంక్షన్ ఒకటి ఉంది. చదవడం పూర్తయ్యాక అది వాడేవారు ముందే అప్పగించిన ఫంక్షన్‌ను, అంటే కాల్‌బ్యాక్‌ను, పిలుస్తుంది. ఇక హ్యాండిల్ (చదివిన ఫైలును సూచించే పాయింటర్) ఉండవలసిన చోట నల్ పాయింటర్ (దేనినీ సూచించనిది) వస్తే లైబ్రరీ దానిని పట్టుకుని ఎర్రర్ కోడ్ ఇవ్వాలా, లేక అది పిలిచేవారు చూసుకోవలసిన విషయమని వదిలేయాలా?

మొదటి సమాధానం:

మెమరీ గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీరు చెప్పిన మూడు పద్ధతుల్లో ఏదీ దానంతట అది తప్పు కాదు. ఎంచుకున్న పద్ధతి ఏమిటో ఫంక్షన్ పేరునూ, దాని పారామీటర్లనూ చూడగానే తెలియకపోవడమే అసలు ప్రమాదం. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో 2008లో చేరిన, ఒక పంక్తిని చదివే గెట్‌లైన్ ఫంక్షన్‌ను చూడండి. పిలిచేవారు నల్ పాయింటర్ ఇస్తే అదే మెమరీ కేటాయిస్తుంది, ఇచ్చిన బఫర్ చాలకపోతే దానిని పెంచుతుంది, చివరికి ఆ మెమరీని విడిపించే బాధ్యత మాత్రం పిలిచిన కోడ్‌దే. ఫంక్షన్ విఫలమైనా ఆ బఫర్‌ను విడిపించవలసిందే అన్న సంగతి మాన్యువల్ చదివినవారికి తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేదు.

లోపలి మెమరీకి పాయింటర్ ఇవ్వాలనుకుంటే, అది ఎప్పటివరకు చెల్లుతుందో కచ్చితంగా చెప్పగలగాలి. స్థానిక సమయాన్ని లెక్కించే లోకల్‌టైమ్ ఫంక్షన్ ఇచ్చే పాయింటర్ చూపే చోటును తర్వాతి పిలుపు చెరిపివేయవచ్చు కాబట్టి, ఒకేసారి నడిచే అనేక థ్రెడ్లున్న ప్రోగ్రాముల కోసం లోకల్‌టైమ్_ఆర్ తేవలసి వచ్చింది. అందులో ఫలితాన్ని ఉంచే చోటును పిలిచేవారే ఇస్తారు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీలో ఒక నిలువు వరుసలోని పాఠ్యాన్ని ఇచ్చే ఫంక్షన్ కూడా లోపలి పాయింటరే ఇస్తుంది, అయితే తర్వాతి వరుసకు వెళ్లినప్పుడో, స్టేట్‌మెంట్‌ను (డేటాబేస్‌కు ఇచ్చిన ఆదేశాన్ని) రీసెట్ చేసినప్పుడో, ముగించినప్పుడో, ఆ విలువను మరో రకానికి మార్చినప్పుడో అది చెల్లదని స్పష్టంగా రాసిపెట్టారు. నాకు ఇంకా నచ్చినది అదే లైబ్రరీలో, స్టేట్‌మెంట్‌కు పాఠ్యాన్ని అందించే బైండ్ ఫంక్షన్ల చివరి పారామీటర్. పిలిచేవారు ఇచ్చిన పాఠ్యం పని పూర్తయ్యేవరకు మారకుండా ఉంటుందా, లైబ్రరీ వెంటనే నకలు తీసుకోవాలా, లేక పని ముగిశాక ఫలానా ఫంక్షన్‌తో విడిపించాలా అన్నది పిలుపులోనే చెప్పవలసి వస్తుంది. అందువల్ల ఆ ఒక్క పంక్తి చదివినవారికి మెమరీ ఎవరిదో సందేహం ఉండదు.

మీ విషయానికి వస్తే, లోపలి పాయింటర్‌ను కాన్స్ట్‌గా (చదవడానికి మాత్రమే) ఇవ్వడమే సహజం, కానీ మీ రీలోడ్ ఫంక్షన్ దానికి అడ్డు వస్తోంది. రీలోడ్ జరిగిన క్షణంలో అంతకుముందు ఇచ్చిన పాయింటర్లన్నీ చెల్లకుండా పోతాయి, వాటిని ఎవరు ఎక్కడ పట్టుకుని ఉన్నారో లైబ్రరీకి తెలియదు. కాబట్టి ఉన్న హ్యాండిల్‌ను మార్చడం మానేసి, మళ్లీ చదివినప్పుడల్లా కొత్త హ్యాండిల్ ఇవ్వండి. అప్పుడు హ్యాండిల్ మూసేవరకు దాని పాయింటర్లు చెల్లుతాయన్న ఒక్క వాక్యంతో నియమం పూర్తవుతుంది.

ఎక్కడైనా నకలు ఇవ్వవలసి వస్తే, విడిపించే ఫంక్షన్‌ను కూడా మీరే ఇవ్వండి. విండోస్‌లో ప్రోగ్రాము ఒక సీ రన్‌టైమ్‌తోనూ, డీఎల్ఎల్ (విడి ఫైలుగా ఉండే లైబ్రరీ) మరొకదానితోనూ లింక్ అయి ఉంటే రెండింటి హీప్‌లు (మెమరీ కేటాయించే నిల్వలు) వేరువేరు కావచ్చు; ఒకచోట కేటాయించిన మెమరీని మరొకచోట విడిపిస్తే హీప్ పాడవుతుంది.

రెండవ సమాధానం:

నల్ పాయింటర్ ప్రశ్నకు బెర్‌ట్రాండ్ మేయర్ ఐఫెల్ భాషతో పాటు ప్రతిపాదించిన ఒప్పంద పద్ధతి సరిపోతుందని నా అభిప్రాయం. ముందు షరతును నెరవేర్చడం పిలిచేవారి బాధ్యత, అది నెరవేరితే ఫలితానికి హామీ ఇవ్వడం లైబ్రరీ బాధ్యత. ఒకే విషయాన్ని ఇద్దరూ పరీక్షిస్తే భద్రత పెరుగుతుందనిపిస్తుంది గానీ, కొంతకాలానికి ఎదుటివారు చూసుకుంటారులే అని ఇద్దరూ అనుకోవడం మొదలవుతుంది. కాబట్టి హ్యాండిల్ నల్ కాకూడదని రాసిపెట్టి, లోపల అసర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రామును ఆపే పరీక్ష) పెట్టండి, చాలు.

అయితే ఫైలులోని సమాచారం సంగతి వేరు. అది బయటి నుంచి వచ్చేది కాబట్టి అందులోని ప్రతి అక్షరాన్నీ అనుమానించడం పూర్తిగా లైబ్రరీ పని, ఆ భారాన్ని ఏ కారణం చేతా పిలిచేవారి మీద వేయకూడదు. విలువను పూర్ణాంకంగా ఇచ్చే ఫంక్షన్ ఉంటే, పాఠ్యాన్ని పూర్ణాంకంగా మార్చే అటోఐ ఫంక్షన్ మార్గంలో వెళ్లకండి. అంకెలే లేని పాఠ్యానికీ, నిజంగా సున్నా ఉన్న పాఠ్యానికీ అది సున్నానే ఇస్తుంది. అదే పని చేసే స్ట్ర్‌టోల్ దానికంటే మెరుగే, కానీ పరిధి దాటిందో లేదో కచ్చితంగా తెలుసుకోవాలంటే పిలవడానికి ముందే ఎర్నోను (ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్‌ను) సున్నా చేసి ఉంచాలి. పిలిచేవారు సులభంగా మరచిపోయే పని అది. విజయమో వైఫల్యమో తిరుగు విలువగా, అంకెను పాయింటర్ ద్వారా విడిగా ఇవ్వండి. ఆ పేరు ఫైలులో లేకపోవడాన్ని, ఉన్న విలువ అంకె కాకపోవడాన్ని వేరువేరు కోడ్లతో చెప్పండి, ఎందుకంటే మొదటి సందర్భంలో పిలిచేవారు డిఫాల్ట్ విలువ వాడుకోవచ్చు, రెండవదానిలో వాడుకోకూడదు.

మూసే ఫంక్షన్ ఒక్కటి మాత్రం నల్‌ను అంగీకరించాలి. సీ ప్రమాణం ప్రకారం ఫ్రీ ఫంక్షన్‌కు నల్ ఇస్తే ఏమీ జరగదు. ఎర్రర్ వచ్చినప్పుడు అన్నింటినీ వరుసగా శుభ్రం చేసే కోడ్ రాసేవారు మీ దగ్గర కూడా అదే ఆశిస్తారు.

మూడవ సమాధానం:

అసర్ట్ చాలన్న మాటతో నేను ఏకీభవించలేను. ఎన్‌డీబగ్ అనే మాక్రోను నిర్వచించి కంపైల్ చేస్తే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి, నిర్వచించకపోతే ప్రోగ్రాము మొత్తం ఆగిపోతుంది. ఈ లైబ్రరీని రేపు పైథాన్ నుంచో మరో భాష నుంచో పిలిస్తే, అక్కడివారికి సీ ప్రాసెస్ ఎందుకు కూలిందో తెలుసుకునే దారే ఉండదు. ఒప్పందం ఎవరిదన్నది ఒక ప్రశ్న, దానిని ఉల్లంఘించినప్పుడు ఏం కనిపిస్తుందన్నది మరో ప్రశ్న. ఎస్‌క్యూలైట్‌లో దుర్వినియోగానికి ప్రత్యేకంగా ఒక ఎర్రర్ కోడ్ ఉంది, నల్ పాయింటర్ల వంటివాటిని పట్టుకునే అదనపు పరీక్షలను కంపైల్ సమయంలో చేర్చుకునే వీలు కూడా ఉంది. బాధ్యత పిలిచేవారిదేనని చెబుతూనే, తప్పు ఎక్కడ జరిగిందో చూపించవచ్చు.

ప్రోగ్రామును ముగించే నిర్ణయం లైబ్రరీది కాదన్నదే దీని వెనుక ఉన్న మాట. జేపెగ్ బొమ్మల లైబ్రరీ అయిన లిబ్‌జేపెగ్‌లో డిఫాల్ట్‌గా ఉండే ఎర్రర్ హ్యాండ్లర్ సందేశాన్ని ముద్రించి, ప్రోగ్రామును ముగించే ఎగ్జిట్‌ను పిలుస్తుంది. పాడైన ఒక బొమ్మ వల్ల ప్రోగ్రాము ఆగకూడదనుకుంటే ఆ హ్యాండ్లర్‌ను మార్చుకోవలసింది పిలిచేవారే.

కాల్‌బ్యాక్ గురించి ఎవరూ చెప్పలేదు. అది ఏ థ్రెడ్‌లో నడుస్తుందో చెప్పండి, పిలిచే సమయానికి లోపలి లాక్‌లన్నీ (ఒకేసారి ఒకే థ్రెడ్‌ను అనుమతించేవి) వదిలిపెట్టండి. లాక్ పట్టుకునే పిలిస్తే, కాల్‌బ్యాక్‌లో నుంచి మీ ఫంక్షన్‌నే మళ్లీ పిలిచినవారు డెడ్‌లాక్‌లో, అంటే ఎప్పటికీ తీరని ఎదురుచూపులో, చిక్కుకుంటారు. నిజానికి మొదటి సమాధానంలో చెప్పినట్టు రీలోడ్ కొత్త హ్యాండిల్ ఇస్తే ఈ కాల్‌బ్యాక్ అవసరమే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రీలోడ్‌నూ కాల్‌బ్యాక్‌నూ తీసేసి, మార్పులేని హ్యాండిల్ పద్ధతికి వెళుతున్నాను. నల్ హ్యాండిల్ వస్తే దుర్వినియోగం అన్న కోడ్ ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది. కొత్త హ్యాండిల్ వచ్చాక కూడా కొన్ని థ్రెడ్లు పాతదానిని చదువుతూ ఉండవచ్చు. లైబ్రరీలోనే రెఫరెన్స్ కౌంట్ (హ్యాండిల్‌ను ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెడితే ఆ భారం పిలిచేవారికి తప్పుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

కొంతవరకే తప్పుతుంది. ఒక థ్రెడ్ ఉమ్మడి చోటు నుంచి పాత హ్యాండిల్ పాయింటర్‌ను చదివి, ఇంకా కౌంట్ పెంచకముందే మరో థ్రెడ్ ఆ చోటులో కొత్తదానిని ఉంచి, పాతదాని చివరి కౌంట్‌ను తగ్గించేస్తే, మొదటి థ్రెడ్ చేతిలో మిగిలేది విడిపించిన మెమరీ. ఆ ఉమ్మడి చోటు పిలిచేవారి ప్రోగ్రాములో ఉంటుంది కాబట్టి, పాయింటర్ చదవడం, కౌంట్ పెంచడం ఒకే లాక్ కింద జరగాలి, మార్చేవారు కూడా అదే లాక్ తీసుకోవాలి. ఆ లాక్ వారిదే. కౌంట్ పెంచే, తగ్గించే ఫంక్షన్లను మీరు ఇవ్వండి, లాక్ విషయాన్ని పెంచే ఫంక్షన్ వివరణలోనే మొదటి వాక్యంగా రాయండి.