కళ్ల కింద కన్సీలర్ 2 గంటలకే బూడిద రంగుకి తిరుగుతోంది. విశాఖ ఉక్కలో నిలిచే పద్ధతి చెప్పండి

సాగరతీరం_24:

నమస్తే అండి. వచ్చే నెల వైశాఖంలో మా చెల్లి పెళ్లి. ఎండాడ వైపు ఫంక్షన్ హాల్, రాత్రి ముహూర్తం. ఆడపెళ్లివారం కాబట్టి సాయంత్రం 5 గంటలకి తయారైతే అప్పగింతలు అయ్యేదాకా అదే మొహంతో తిరగాలి. నాది చామనఛాయ, కాస్త పసుపు వైపు ఉంటుంది. కళ్ల కింద నలుపు, బుగ్గల మీద పాత మొటిమల మచ్చలు, మూతి చుట్టూ కొంచెం నల్లదనం. మొహమంతా ఫౌండేషన్ పూసుకోవడం ఇష్టం లేదు. అవసరమైన చోట మాత్రమే కన్సీలర్ వేసి, మొహమంతా ఒకే ఛాయలో కనిపిస్తే చాలు.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ: మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, వెంటనే నా రంగు కన్నా రెండు షేడ్లు లేతగా ఉన్న లిక్విడ్ కన్సీలర్ కంటి కింద తిరగేసిన త్రికోణంలా, ఆ పైన లూజ్ పౌడర్. వేసిన వెంటనే బాగానే ఉంటుంది. రెండు గంటలు తిరిగేసరికి కంటి కింద బూడిద రాసినట్టు అయిపోతుంది, గీతల్లో చారలు కడుతుంది, ముక్కు పక్కన పొట్టులా రాలుతుంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

బ్రష్‌లపెట్టె:

బూడిద రంగుకి అసలు కారణం ఆ రెండు షేడ్ల లేత రంగేనండి. కన్సీలర్‌కి కప్పే గుణం చాలావరకు టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి వల్ల వస్తుంది. షేడ్ లేతదయ్యే కొద్దీ ఆ తెలుపు పాలు పెరుగుతుంది. ఇక కంటి కింద మనం నలుపు అనుకునేది చాలామందిలో గోధుమ రంగూ, పలచటి చర్మంలోంచి కనిపించే రక్తనాళాల నీలమూ కలిసిన రంగు. నీలం మీద తెలుపు పూస్తే బూడిదే వస్తుంది, గోడకి వేసినా అంతే. ముందు ఆ నీలాన్ని దానికి ఎదురు రంగైన నారింజతో విరిచేయాలి, ఆ తర్వాతే చర్మం రంగు వేయాలి. దీనికే కలర్ కరెక్టర్. తెల్లటి ఛాయకి లేత పీచ్, మీలాంటి చామనఛాయకి పీచ్‌కీ నారింజకీ మధ్య రంగు, ఇంకా ముదురు ఛాయకి ఎరుపు కలిసిన నారింజ.

కొనేముందు ఒక పని చేయండి. పగటిపూట కిటికీకి ఎదురుగా అద్దం పట్టుకుని గడ్డం కొంచెం పైకెత్తండి. వెలుగు నేరుగా పడగానే నలుపు చాలావరకు పోతే అది రంగు కాదు, కంటి కింద గుంట వల్ల పడే నీడ. నీడని ఏ నారింజా విరవలేదు. అక్కడ గుంట అడుగున గీతంత మేర మాత్రమే అర షేడు లేత కన్సీలర్ పెట్టాలి. తల ఎత్తినా నలుపు అలాగే ఉంటే, చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగి చూడండి. గోధుమ రంగు అలాగే నిలిస్తే చర్మంలోని రంగు, ఊదాగా తేలితే రక్తనాళాల రంగు. రెండింటికీ కరెక్టర్ పనిచేస్తుంది, ఊదాకి మరీ బాగా.

కొలత దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. ఒక్కో కంటికి కరెక్టర్ బియ్యపు గింజలో సగం. ముక్కు పక్కన కంటి మూల నుంచి నలుపు ఎంత దూరం ఉందో అంతవరకే. కింది రెప్ప వెంట్రుకలకి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎడం వదిలేయండి. అక్కడ చర్మం ఎప్పుడూ కదులుతుంటుంది, ఏది పెట్టినా గీతల్లోకి జారుతుంది. ఉంగరపు వేలితో తట్టండి, రుద్దొద్దు. తట్టాక అక్కడ నారింజ మచ్చ కనిపించకూడదు, నలుపు కాస్త వెచ్చగా మారినట్టు మాత్రమే ఉండాలి. ఒక నిమిషం ఆగి, మీ ఛాయకి సరిగ్గా సరిపోయే కన్సీలర్ రెండు చుక్కలు: ఒకటి లోపలి మూల, ఒకటి బయటి మూల. ఆ పెద్ద త్రికోణం మానేయండి. నలుపు లేని బుగ్గ మీద అంత సరుకు ఎందుకు? కన్సీలర్ వేశాక కూడా నారింజ తొంగి చూస్తుంటే కరెక్టర్ ఎక్కువైందని. పైన ఇంకో పొర వేయకుండా తుడిచి మళ్లీ మొదలెట్టండి.

షేడ్ చూసేటప్పుడు ముంజేతి మీద గీయొద్దు, చేతి రంగు వేరు, మొహం రంగు వేరు. దవడ అంచున, మెడ వైపుకి దిగేలా పక్కపక్కనే మూడు గీతలు గీసుకోండి. ద్వారకానగర్‌లో కొన్నా, జగదాంబ దగ్గర కొన్నా షాపు లైట్ల కింద తేల్చేయకుండా బయట పగటి వెలుగులోకి వచ్చి 15 నిమిషాలు ఆగాలి. కొన్ని ఆరేకొద్దీ, చర్మం నూనెతో కలిసి, అర షేడు ముదురుతాయి. ఆ 15 నిమిషాల తర్వాత కనిపించకుండా కలిసిపోయిన గీతే మీది. గులాబీ వైపు ఉన్న షేడ్లు పసుపు ఛాయ మీద పాలిపోయినట్టు ఉంటాయి, కాబట్టి పసుపు లేదా బంగారు వైపున్నవి చూడండి.

చర్మం_మాట:

పొట్టు రాలడం గురించి నేను చెప్తాను. అది కన్సీలర్ తప్పు కాదు, కింద పొరలు ఆరకపోవడం. సన్‌స్క్రీన్‌లో సిలికాన్ ఎక్కువగా ఉండి, దాని మీద నీళ్ల రకం కన్సీలర్ వేసి రుద్దితే రెండూ ఒకదానికొకటి అంటుకోక ఉండలు కట్టి లేస్తాయి. తలుపు మీద పాత రంగు పెచ్చులు ఊడినట్టు ఉంటుంది. మొహం కడిగాక జెల్ రకం మాయిశ్చరైజర్ శనగగింజంత మొహమంతటికీ, 5 నిమిషాలు ఆగండి. కంటి కింద విడిగా చిక్కటి క్రీమ్ వద్దు. సన్‌స్క్రీన్ వేశాక 15 నిమిషాలు. తర్వాత టిష్యూ ఒక పొర విడదీసి మొహం మీద పరిచి అరచేత్తో అద్దండి, మిగిలిన జిడ్డు దానికి వచ్చేస్తుంది. అయినా పొట్టు లేస్తే ఆ సన్‌స్క్రీన్‌కీ ఆ కన్సీలర్‌కీ పొసగనట్టే, రెండిట్లో ఒకటి మార్చాలి.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ ఎండ కన్నా ఉక్క ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సముద్రపు గాలిలో తడి ఎక్కువగా ఉండటం వల్ల చెమట ఆరదు, మేకప్ కిందే నిలిచి పొరని పైకి తేలుస్తుంది. చెమట పట్టిన మొహం మీద మొదలెడితే ఎంత ఖరీదైన కన్సీలరూ నిలవదు. స్నానం కాగానే కూర్చోకుండా ఏసీలోనో ఫ్యాను కిందో 20 నిమిషాలు ఒళ్లు చల్లారనిచ్చి అప్పుడు మొదలెట్టండి. చీర కట్టుకోవడం, జడ వేయించుకోవడం ముందే అయిపోవాలి. ఆ రెండిటికీ పట్టినంత చెమట ఇంకెప్పుడూ పట్టదు. బ్లౌజు తలమీంచి తొడిగేదైతే మరీను.

పెళ్లిలో చెమట పడితే కొంగుతో తుడవొద్దు. మెత్తటి నూలు చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి అద్ది తీయండి.

చామంతి_గాజువాక:

బేకింగ్ చేస్తే సరిపోతుంది కదండీ? కన్సీలర్ మీద పౌడర్ దట్టంగా వేసి 10 నిమిషాలు ఉంచి దులిపేస్తే రాత్రంతా కదలదు. పెళ్లికూతుళ్లకి అలాగే చేస్తారు.

బ్రష్‌లపెట్టె:

చామంతి గారూ, అది స్టేజి మీద, ఏసీలో, దట్టమైన ఫౌండేషన్ కింద పనికొస్తుంది. ఇక్కడ ఈవిడ అడుగుతున్నది మేకప్ ఉన్నట్టే తెలియకూడదని. కంటి కింద దట్టంగా ఉన్న పౌడర్ చెమట పీల్చి పిండిముద్దలా అవుతుంది, నవ్వగానే ఆ ముద్ద గీతల్లో పగులుతుంది. చారలకి అదే కారణం. ముక్కు పక్కలకీ, గడ్డానికీ కావాలంటే చేసుకోవచ్చు, కంటి కింద మాత్రం వద్దంటాను.

దాని బదులు: కన్సీలర్ కలిపాక పైకి చూస్తూ ఒక నిమిషం ఆగండి. ఈలోపే సన్నటి గీతలు తేలతాయి. వాటిని పొడి వేలితో అద్ది సాపు చేసి, ఆ క్షణమే, మళ్లీ గీత పడకముందే పౌడర్ అద్దండి. చిన్న పఫ్‌కి పౌడర్ తీసుకుని చేతి వెనక బాగా అద్దేసి, దానికి మిగిలినంత మాత్రమే కంటి కింద నొక్కాలి. పఫ్ మీద పొడి కళ్లకి కనిపిస్తోందంటే ఇంకా ఎక్కువున్నట్టే. గీత పడ్డాక పౌడర్ వేస్తే ఆ గీతని అచ్చువేసి నిలబెట్టినట్టు అవుతుంది.

మచ్చలకి వేరే కన్సీలర్ ఉంటే మేలు. కంటి కింద పలచటిది, మచ్చ మీద డబ్బాలో వచ్చే చిక్కటి క్రీమ్ రకం. కాటుక గీసేంత సన్నటి బ్రష్‌తో మచ్చ మధ్యలో చుక్క పెట్టి, కదపకుండా ఒక నిమిషం ఆరనివ్వండి. సగం ఆరితే కప్పే గుణం పెరుగుతుంది. అప్పుడు శుభ్రమైన బ్రష్‌తో అంచు మాత్రమే చుట్టూ కలపాలి, మధ్యలో ముట్టుకోవద్దు. మధ్యలో ముట్టుకుంటే సరుకంతా పక్కకి పోయి మచ్చ మళ్లీ బయటపడుతుంది, చుట్టూ లేత వలయం మిగులుతుంది. ఉబ్బుగా ఉన్న మొటిమకి ఎరుపు పోతుంది కానీ ఎత్తు పోదు. పక్క నుంచి లైటు పడితే నీడ ఎలాగూ తెలుస్తుంది, పొరలు పెంచొద్దు. ఎరుపుకి పచ్చ కరెక్టర్ అంటారు గానీ, మన ఛాయ మీద అది చాలాసార్లు మళ్లీ బూడిదే చేస్తుంది, పసుపు వైపున్న కన్సీలర్ సరిపోతుంది.

మూతి చుట్టూ కరెక్టర్ ఇంకా పలచగా. పెదవి అంచుకి తగలకూడదు. తిన్నా, మాట్లాడినా, నవ్వినా కదిలే చోటు అది, దట్టంగా వేస్తే ముందు అక్కడే విడిపోతుంది.

పెళ్లిఫొటో_విశాఖ:

ఫొటోల వైపు నుంచి ఒక మాట. సిలికా ఎక్కువగా ఉన్న తెల్లటి పౌడర్లు, జింక్ లేదా టైటానియం ఉన్న సన్‌స్క్రీన్లు ఫ్లాష్ వెలుగుని తిరిగి కెమెరాలోకి కొడతాయి. మామూలు కంటికి ఏమీ తెలియదు. ఫొటోలో మాత్రం కళ్ల కింద రెండు తెల్లటి మరకలు వస్తాయి. రాత్రి ముహూర్తానికి ఇది ముఖ్యం. ముందు రోజే పూర్తిగా వేసుకుని, గది లైట్లన్నీ ఆపి, ఎవరితోనైనా ఫోన్ ఫ్లాష్‌తో మూడడుగుల దూరం నుంచి ఫొటో తీయించండి. తెల్లబడితే పౌడర్ మార్చి లేత పసుపు రంగుది తీసుకోండి. సాయంత్రం 5 దాటాక హాల్లోనే ఉంటారు కాబట్టి ఆ పూటకి ఎండ ఎంత తగులుతుందో చూసుకుని, సన్‌స్క్రీన్ పలచగా సరిపెట్టుకోవచ్చు.

ఇంకోటి, అదే పొద్దున నలుగు పెట్టుకుంటే ఆ పసుపు మొహానికి పట్టి సాయంత్రానికి కూడా పూర్తిగా పోదు. ముందు సరిచూసుకున్న షేడ్ ఆ పూటకి గులాబీగా, పాలిపోయి కనిపిస్తుంది. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కొబ్బరినూనె అద్ది దూదితో తీసి, తర్వాత ఫేస్‌వాష్‌తో నూనె మిగలకుండా కడగండి. మీ చెల్లిగారికి ఇది మీకన్నా ఎక్కువ అవసరం. తనకి బాసికం కట్టే చోట కూడా నుదుటి మీద పొర పలచగా ఉంచమనండి, ఆ దారం ఒరుసుకుని అక్కడే ముందు లేస్తుంది.

స్టిక్కర్ బొట్టు పెట్టేవాళ్లు ఆ చోట ఇయర్ బడ్‌తో మేకప్ తుడిచేసి అంటించండి. లేకపోతే హోమం దగ్గర కూర్చోగానే జారుతుంది.

చర్మం_మాట:

సాగరతీరం గారూ, బుగ్గల మీదవి చుక్కల్లా కాకుండా రెండు వైపులా మబ్బులా పరుచుకుని ఉంటే అవి మొటిమల మచ్చలు కాకపోవచ్చు, మంగు కావచ్చు. దాని మీద చుక్క పద్ధతి పనిచేయదు. పీచ్ కరెక్టర్ చాలా పలచగా పరిచి, కన్సీలర్ రెండు పలచటి పొరలుగా, మధ్యలో 2 నిమిషాలు ఆగి అద్దాలి. మంగుని ఎండే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా ముదురుస్తుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ రోజూ రాసుకోవడం మేలు. అది కొంత కన్సీలర్ పని కూడా చేసిపెడుతుంది.

పెళ్లి దగ్గర పడిందని మందుల షాపులో అడిగి తెల్లబడే క్రీమ్ మాత్రం రాయకండి, దయచేసి. అలా అమ్మేవాటిలో చాలా స్టెరాయిడ్ కలిసినవి. వారం పది రోజులు మొహం మెరుస్తుంది, వాడగా వాడగా చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు తేలతాయి, మానేస్తే ఇంకా మండుతుంది. ఆ చర్మం మీద ఏ కన్సీలరూ కూర్చోదు. మచ్చలకి వైద్యం కావాలంటే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. మన ఊరి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో కూడా ఆ విభాగం ఉంది.

కొత్త కరెక్టర్ ఏది కొన్నా చెవి వెనక కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. దురద రాకపోతేనే మొహానికి. కొన్నాక స్కూటీ డిక్కీలో వదిలేయొద్దు, ఆ వేడికి నూనె విడిపోయి గరుగ్గా తయారవుతుంది. ట్యూబు మీద మూత తీసిన డబ్బా బొమ్మలో ఉన్న అంకె, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్తుంది.

సాగరతీరం_24:

అందరికీ చాలా థాంక్స్ అండి. అద్దం పరీక్ష చేశాను, కుడి కంటి కింద నీడ, ఎడమ కంటి కింద రంగు ఎక్కువ. బుగ్గల మీదవి చుక్కలే. ఇంకొక్క రెండు సందేహాలు: స్పాంజ్ వాడితే సరుకంతా అదే పీల్చేస్తోంది. మధ్యలో టచప్ ఎలా చేసుకోవాలి?

బ్రష్‌లపెట్టె:

అయితే కుడి కంటికి కరెక్టర్ సగానికి సగం తగ్గించండి, రెండు కళ్లకీ ఒకే కొలత అక్కర్లేదు.

స్పాంజ్ పొడిగా ఉంటే పీల్చేస్తుంది. నీళ్లలో ముంచి పూర్తిగా ఉబ్బనిచ్చి, పిండి, ఆ తర్వాత పొడి తువ్వాలులో చుట్టి మళ్లీ పిండండి. చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. నీళ్లు మిగిలితే కన్సీలర్ పలచబడి కరెక్టర్ బయటికి వస్తుంది. అయినా ముందు వేలితో కలిపి, చివర్లో అంచుల మీద మాత్రమే స్పాంజ్ కొనతో అద్దితే సరుకు వృథా కాదు. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి గాలికి ఆరబెట్టాలి. మన తేమకి డబ్బాలో మూసిపెడితే రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది.

టచప్‌కి చిన్న సంచిలో టిష్యూలు, కన్సీలర్, పఫ్ చాలు. ముందు టిష్యూతో అద్ది తడి తీయండి. గీతల్లో చేరినదాన్ని ఉంగరపు వేలితో సాపు చేయండి. చాలాసార్లు ఇంతతోనే సరిపోతుంది. ఎక్కడైనా పూర్తిగా లేచిపోతే అక్కడ మాత్రమే ఆవగింజంత కన్సీలర్ వేలి మీద తీసుకుని నొక్కండి, మొహం పొడిగా ఉంటేనే పౌడర్. అప్పగింతల దగ్గర కన్నీళ్లు వస్తే చెంప మీదికి దిగకముందే టిష్యూ కొన మడిచి కింది రెప్ప అంచున ఆనించండి, నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోతాయి.